సైకాలజీ చదువు కోసం కాలేజీ మారేముందు



గత నెల ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఒక తండ్రి, కూతురు నా కోసం వరండాలో ఆగారు. అమ్మాయి మన జిల్లాలోనే ఒక డిగ్రీ కాలేజీలో బి.ఎస్సీ. రెండో సంవత్సరం చదువుతోంది. ఇప్పుడు సైకాలజీ చదవాలని, అందుకోసం కాలేజీ మారాలని ఇంట్లో పట్టుబట్టిందట. తండ్రి కౌలు రైతు. "అయ్యగారండీ, ఏ కాలేజీ మంచిదో మీరొక్క పేరు చెప్పండి. అప్పోసప్పో చేసి చేర్పిస్తాను" అన్నారు. ఆయన చేతి సంచిలో ఆమె మార్కుల మెమోలు, బెంగుళూరు, హైదరాబాదు కాలేజీల రంగుల కరపత్రాలు ఉన్నాయి.

నేను పేరు చెప్పలేదు. ఆలోచించి పత్రికలో రాస్తానన్నాను. ఎందుకంటే ఈ ఏడాది ఇదే మాట అడిగిన కుటుంబాలలో వీరు మొదటివారు కాదు. ఒకప్పుడు ఇంటికొక నర్సు, ఇంటికొక ఇంజనీరు అనుకునేవాళ్లం. ఇప్పుడు పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు, సైకాలజీ అంటున్నారు. ఇది మంచి పరిణామమే అని నా అభిప్రాయం. కానీ దారి తెలియక డబ్బు, వయసు పోగొట్టుకుంటున్న పిల్లలను కూడా చూస్తున్నాను.

ఆస్పత్రి చాప్లెయిన్‌కు ఈ విషయంలో ఏం పని అని మీరు అడగవచ్చు. కొన్నేళ్ల క్రితం దివిసీమ వైపు నుంచి ఒక కుర్రవాడిని అర్ధరాత్రి మన క్యాజువాలిటీకి తెచ్చారు. పురుగుమందు కేసు. డాక్టర్లు, సిస్టర్లు రెండు రాత్రులు కష్టపడి ప్రాణం నిలబెట్టారు. మూడోరోజు నన్ను పిలిచి ఒకసారి మాట్లాడమన్నారు. నేను వెళ్లి, ప్రాణం దేవుడు ఇచ్చినదని, తల్లిదండ్రుల కష్టం తలచుకోమని పావుగంట చెప్పాను. అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ సాయంత్రం మన వార్డు ఆయా గంజి పట్టుకెళ్లి, "ఏమైనా తిన్నావా అబ్బాయ్" అని అడిగి, మంచం పక్కన స్టూలు మీద ఊరికే కూర్చుందట. గంట తర్వాత అతనే నోరు విప్పాడు. నాకు చెప్పని సంగతులన్నీ ఆమెకు చెప్పాడు. ఆమె ఏ కాలేజీలోనూ చదవలేదు. అయితే ఆమెకు స్వభావసిద్ధంగా వచ్చిన ఆ పనిని క్రమంగా నేర్పించే చదువు ఒకటి ఉన్నదని, అది నాకు లేదని నాకు అప్పుడు తెలిసివచ్చింది. కుర్రవాడు ఐదోరోజు ఇంటికి వెళ్లిపోయాడు. పది రోజులకు మళ్లీ రమ్మని చీటీలో రాశారు. రాలేదు. వెళ్లి పలకరించి వచ్చే మనిషి కూడా మన దగ్గర లేరు.

ఇది మన ఒక్కరి సంగతి కాదు. 2022లో మన దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్క. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రాలలో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవారిలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నట్టు తేలింది. జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి వైద్యం అందడం లేదని కూడా ఆ సర్వే చెప్పింది. (ఇది చదువుతున్న మీకుగాని, మీ ఇంట్లోవారికిగాని ఇప్పుడే మాట్లాడే మనిషి కావలసి ఉంటే 14416కి ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ అనే ఉచిత సేవ ఇది. తెలుగులో మాట్లాడవచ్చు.) కాబట్టి ఈ చదువు చదివే పిల్లలు మనకు కావాలి. అందుకే వారు తప్పు బస్సు ఎక్కకూడదని నా ఆరాటం.

ఇక ఆ తండ్రి అడిగిన రెండో ప్రశ్న: "ఇది చదివితే డాక్టరవుద్దా అండీ?" కాదు. సైకియాట్రిస్టు అంటే ఎం.బి.బి.ఎస్. చదివి, ఆపై మానసిక వైద్యంలో పి.జి. చేసిన డాక్టరు. మందులు రాసేది వారు. సైకాలజిస్టు మందులు రాయరు. పరీక్షలు పెట్టి మనసు స్థితిని అంచనా వేయడం, మాటల ద్వారా చికిత్స చేయడం వారి పని. ఇద్దరూ కావాలి.

బి.ఏ. సైకాలజీ పట్టా చేతికి రాగానే బోర్డు కట్టుకుని కూర్చోవచ్చని చాలామంది పిల్లలు అనుకుంటున్నారు. కుదరదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం క్లినికల్ సైకాలజిస్టు అంటే ఎవరో నిర్వచించింది. భారత పునరావాస మండలి, అంటే ఆర్.సి.ఐ., ఆమోదించిన సంస్థలో క్లినికల్ సైకాలజీ అర్హత పొందినవారే ఆ పేరు పెట్టుకోవాలి. చాలాకాలంగా ఉన్న దారి ఏమిటంటే: డిగ్రీ, తర్వాత సైకాలజీలో పి.జి., తర్వాత ఆస్పత్రిలో రోగుల మధ్య పెద్దల పర్యవేక్షణలో రెండేళ్ల ఎం.ఫిల్. దేశమంతటా ఎం.ఫిల్.ను ఎత్తివేసిన యు.జి.సి., క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 ప్రవేశాల వరకు గడువు ఇచ్చింది. ఆర్.సి.ఐ. క్లినికల్ సైకాలజీలోనే బి.ఎస్సీ. ఆనర్సు, ఎం.ఏ. కోర్సులకు కొత్త పాఠ్యప్రణాళికలు తెచ్చింది. అంటే రోడ్డు తవ్వి కొత్తగా వేస్తున్న సమయమిది. ఇలాంటప్పుడు పాత సీనియర్లు చెప్పిన దారి గుడ్డిగా పట్టుకోకుండా, చేరే సంవత్సరంలో ఆర్.సి.ఐ. వెబ్‌సైటులో ఆమోదం ఉన్న సంస్థల జాబితా చూసుకోవాలి. కరపత్రం మీద "ఆర్.సి.ఐ. గుర్తింపు" అని ఉంటే చాలదు. ఏ కోర్సుకు ఉందో, ఏ సంవత్సరం వరకు ఉందో అడగాలి. ఒకే కాలేజీలో ఒక కోర్సుకు ఉండి, పక్క కోర్సుకు లేకపోవచ్చు.

బడులలో కౌన్సిలరుగా, కంపెనీలలో ఉద్యోగులను చూసే విభాగంలో, స్వచ్ఛంద సంస్థలలో పని చేయాలంటే ఈ రిజిస్ట్రేషన్ లేకుండా కూడా అవకాశాలున్నాయి. అవీ గౌరవమైన పనులే. కానీ మీ అమ్మాయి ఆస్పత్రిలో కూర్చోవాలనుకుంటోందా, బడిలోనా, ఆఫీసులోనా అన్నది కాలేజీ పేరుకంటే ముందు తేలవలసిన సంగతి. ఇక మూడు నెలలలో, ఆరు నెలలలో "కౌన్సిలింగ్ సర్టిఫికెట్టు" ఇస్తామనే ప్రకటనల గురించి ఒక్క మాటే చెబుతాను: ఆ డబ్బుతో మినుము విత్తనాలు కొనుక్కోండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. రెండో సంవత్సరంలో కాలేజీ మారవచ్చా? మారవచ్చు. కానీ మారడంలో రెండు రకాలున్నాయి, వీటిని చాలామంది కలిపేస్తున్నారు. ఒకే యూనివర్సిటీ కింద, అదే కోర్సు ఉన్న ఇంకో కాలేజీకి మారడం ఒక రకం. రెండు కాలేజీలవారు ఒప్పుకుని, యూనివర్సిటీ అనుమతి ఇస్తే అది జరిగే పని. కృష్ణా యూనివర్సిటీ కింద గుడివాడలో చదివే పిల్ల బందరుకు మారినట్టు. ఇంకో యూనివర్సిటీకి, అందులోనూ ఇంకో సబ్జెక్టుకు మారడం వేరే రకం. 2023-24లో మన రాష్ట్ర డిగ్రీలలో సింగిల్ మేజర్ పద్ధతి ప్రవేశపెట్టారు. ఆ పద్ధతిలో కెమిస్ట్రీయో బోటనీయో మేజర్‌గా చదివిన పిల్ల సైకాలజీ మేజర్‌కు వెళ్లడమంటే కాగితం మీద బదిలీ అయినా, నిజానికి మళ్లీ మొదటి సంవత్సరంలో చేరినట్టే. 2021లో వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ వల్ల క్రెడిట్లన్నీ మన ఖాతాలో జమ అవుతాయి కదా అని ఆ అమ్మాయి అడిగింది. జమ అవుతాయి. కానీ బ్యాంకులో ఉన్న నోటు ప్రతి దుకాణంలోనూ చెల్లుతుంది, ఈ క్రెడిట్లు అలా చెల్లవు. ఏవి తీసుకోవాలో కొత్త కాలేజీ నిర్ణయిస్తుంది. కెమిస్ట్రీ ల్యాబు క్రెడిట్లు పర్సనాలిటీ పేపరుకు బదులు కావు. "మీ అమ్మాయి పాత క్రెడిట్లలో ఎన్ని తీసుకుంటారు, ఏ సెమిస్టరులో కూర్చోబెడతారు" అని అడిగి, జవాబు రాతపూర్వకంగా తెచ్చుకోండి. నోటిమాటకు ఫీజు కట్టవద్దు.

డబ్బు సంగతి కూడా. మన సంఘాలలో ఎన్నో కుటుంబాల పిల్లలు బి.సి.-సి సర్టిఫికెట్టు మీద ఫీజు రీయింబర్స్‌మెంటుతో చదువుతున్నారు. కోర్సు మధ్యలో వదిలి వేరే రాష్ట్రానికి వెళుతుంటే అది వెంట రాదనుకునే లెక్క వేసుకోండి. ఫీజుకు తోడు హాస్టలు, మెస్సు, రానుపోను చార్జీలు కలిపి మూడేళ్లకు ఎంతవుతుందో కాగితం మీద వేశాకనే అప్పు మాట ఎత్తండి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. బి.ఎస్సీ.లో సగం దూరం వచ్చిన పిల్ల దాన్ని వదలకూడదు. ఇక్కడ మిగిలింది ఇంచుమించు ఏడాదిన్నర. అక్కడ కొత్తగా మూడేళ్లు. పి.జి. సైకాలజీకి కొన్ని యూనివర్సిటీలు ఏ డిగ్రీ ఉన్నవారినైనా తీసుకుంటాయి, కొన్ని డిగ్రీలోనే సైకాలజీ ఉండాలంటాయి. వెళ్లదలచిన రెండు మూడు యూనివర్సిటీల ప్రాస్పెక్టసులు ఇప్పుడే తెప్పించుకుని, ఏ డిగ్రీ వారినైనా తీసుకునే చోటు చూసుకుంటే, ఆమె మార్పు డిగ్రీ మధ్యలో కాకుండా డిగ్రీ చివర జరుగుతుంది. జీవశాస్త్రం చదివిన పిల్లకు మెదడు, నరాల పాఠాలు కొత్తగా ఉండవు. లెక్కలు వచ్చిన పిల్లకు స్టాటిస్టిక్సు భయం ఉండదు, సైకాలజీలో స్టాటిస్టిక్సు తప్పించుకోలేని పేపరు. పోయిందనుకున్న రెండేళ్లు అలా అక్కరకొస్తాయి.

ఇది చెప్పినప్పుడు ఆ అమ్మాయి మెల్లగా, "ఇంకా ఏడాదిన్నర ఇష్టం లేని క్లాసులో కూర్చోవాలా అయ్యగారూ?" అంది. ఆ ప్రశ్నకు నా దగ్గర తేలిక జవాబు లేదు. చదువు మీద పూర్తిగా మనసు విరిగి, తిండి నిద్ర పాడైన పిల్లను రెండేళ్లు ఆదా అవుతాయని బలవంతంగా కూర్చోబెట్టమని నేను చెప్పను. మొదటి సంవత్సరంలోనే ఉన్న పిల్ల అయితే వెంటనే మారమనే చెబుతాను. నా సలహా ఈ అమ్మాయి లాంటి పరిస్థితికి మాత్రమే.

మారక తప్పదనుకుంటే, లేదా పి.జి.కి వెళ్లేటప్పుడు, కాలేజీని ఎలా ఎంచుకోవాలి? సైకాలజీ బోధనకు పేరున్న చోట్లు మనకు మరీ దూరం కావు. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి సైకాలజీ విభాగాన్ని ఆచార్య కోనేరు రామకృష్ణారావు గారు పరామానసిక శాస్త్రంతో కలిపి మొదలుపెట్టారు. (దయ్యాల మీద పరిశోధనా అని మా నాన్నగారి తరంవారు నవ్వేవారు, అది వేరే కథ.) హైదరాబాదులో ఉస్మానియా, బేగంపేటలోని సెయింట్ ఫ్రాన్సిస్ మహిళా కళాశాల ఉన్నాయి. చెన్నైలో 1915లో మిషనరీ సంఘాలు కలిసి స్థాపించిన విమెన్స్ క్రిస్టియన్ కాలేజీ, బెంగుళూరులో క్రైస్ట్ యూనివర్సిటీ ఉన్నాయి. ఆస్పత్రి శిక్షణ వరకు వెళ్లగలిగిన పిల్లలకు నిమ్హాన్స్ ఉంది. అక్కడ సీటు దొరకడం కష్టం, కానీ ప్రయత్నించకుండా వదలవద్దు. ఈ పేర్లు చెప్పాను గదా అని వరుసగా అప్లికేషన్లు వేయకండి. క్రైస్తవ కాలేజీ అని పేరుంటే చాలు మంచిదే అయి ఉంటుందని మనం అనుకుంటాం. అది ప్రేమ, పరిశీలన కాదు. న్యాక్ గ్రేడు కూడా కాలేజీ మొత్తానికి ఇచ్చేది, సైకాలజీ విభాగానికి కాదు.

వెళ్లి చూడండి. తండ్రీ కూతుళ్లిద్దరూ ఒకరోజు వెళ్లండి, బందరు రోడ్డు బస్సు ఎక్కితే విజయవాడ, అక్కడినుంచి రాత్రి రైలు. ప్రిన్సిపాలు గదిలో కాకుండా సైకాలజీ విభాగంలో కూర్చోండి. సైకాలజీలోనే చదివిన అధ్యాపకులు ఎందరున్నారో, వారు ఎన్నేళ్లుగా అక్కడే ఉన్నారో అడగండి. ఇద్దరు గెస్టు లెక్చరర్లతో నడిచే విభాగాలు నేను విన్నాను. ల్యాబు తలుపు తీసి చూపించమనండి. బీరువాలోని పరీక్షల పెట్టెల మీద దుమ్ము ఉందేమో చూడండి. అన్నిటికంటే ముఖ్యం, పిల్లలను ఆస్పత్రికో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల బడికో, వ్యసన విముక్తి కేంద్రానికో తీసుకువెళతారా? తీసుకువెళితే ఒకరోజు చూసి ఫొటో దిగి వస్తారా, వారాల తరబడి ఉంటారా? విద్యార్థి ఒక మనిషితో మాట్లాడి వచ్చాక, ఏం మాట్లాడావు, ఎక్కడ తొందరపడ్డావు అని కూర్చోబెట్టి అడిగే పెద్ద ఉన్నారా? ఈ చివరి ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పిన విభాగాన్ని, భవనం పాతదైనా సరే, నేను ఎంచుకుంటాను. ఆ రోజు కుర్రవాడి దగ్గర నుంచి నేను తిరిగి వచ్చినప్పుడు నన్ను అలా అడిగేవారు ఉంటే బాగుండేది.

మూడో సంవత్సరం విద్యార్థినులతో మీ అమ్మాయిని ఒంటరిగా అరగంట మాట్లాడనివ్వండి. మీరు క్యాంటీనులో టీ తాగండి.

ఇంట్లో ఉండి దూరవిద్యలో చదివితే ఖర్చు తగ్గుతుంది కదా అని కొందరు తల్లులు అడిగారు. ఇంతకుముందు చాలామంది అలా చదివారు. 2025 జులై-ఆగస్టు విడత నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైనులో నడపవద్దని యు.జి.సి. విశ్వవిద్యాలయాలను ఆదేశించింది. ఆరోగ్య వృత్తులకు 2021లో వచ్చిన జాతీయ కమిషన్ చట్టం కింద ఈ చదువును కూడా లెక్కపెట్టారు. పేద కుటుంబాలకు ఇది కష్టమే. అయినా ఈ నిర్ణయం సరైనదే అనుకుంటున్నాను. ఇంజక్షన్ చేయడం పోస్టులో నేర్పం కదా.

సంఘంలో వినిపించే ఇంకో మాటకు కూడా జవాబు చెప్పాలి. విశ్వాసులకు సైకాలజీ ఎందుకు, ప్రార్థన చాలదా అని. ప్రార్థన చేసేవాడినే నేను. ఏలీయా ప్రవక్త బదరీ వృక్షము క్రింద కూర్చుని చావు కోరుకున్న సందర్భం మీకు తెలుసు. దేవుడు ముందు ఆయనకు ప్రసంగం పంపలేదు. నిద్ర, రొట్టె, నీళ్లు పంపాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు. మాట ఆ తర్వాత వచ్చింది. మన ఆయా చేసిన పని అదే. షుగరు జబ్బుకు ఇన్సులిన్ తీసుకుంటూ ప్రార్థన చేసే మనం, మనసు జబ్బు దగ్గర మాత్రం విశ్వాసం తక్కువైందని ఎదుటివారిని నిందిస్తున్నాం. ఆ నింద విన్నవారు రెండోసారి మన దగ్గరకు రారు.

పిల్లలకు కూడా ఒక మాట. ఇంట్లో ఎవరికో బాగోలేక, ఆ బాధతో ఈ చదువు వైపు వచ్చేవారు కొందరున్నారు. అది తప్పు కాదు. కానీ అమ్మను బాగుచేయడానికి ఆరేళ్లు చదవనక్కరలేదు, అమ్మను ఈ వారమే డాక్టరుకు చూపించాలి. చదువు వేరేవారి కోసం.

భాష సంగతి కరపత్రాలలో కనిపించదు. పుస్తకాలు ఇంగ్లీషులో ఉంటాయి, డిప్రెషన్ అని, యాంగ్జైటీ అని ఉంటుంది. మన ఓ.పి.లో ఎవరూ అలా చెప్పరు. గుండె దడ అంటారు, నరాల బలహీనత అంటారు, ఒళ్లంతా మంటలంటారు, గాలి సోకిందంటారు, కొందరు నిద్ర లేదు అని మాత్రం చెప్పి ఊరుకుంటారు. బెంగుళూరులో చదివిన పిల్లకు ఈ మాటల వెనకున్నది వినడం రావాలంటే సెలవులకు ఇక్కడికి వచ్చి వార్డులో కూర్చోవాలి. 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెనలో దివిసీమలో వేలమంది కొట్టుకుపోయారు. ఇంటిల్లిపాదినీ పోగొట్టుకుని ఒక్కరే మిగిలినవారు ఎందరో. బియ్యం వచ్చాయి, బట్టలు వచ్చాయి, ఇళ్లు వచ్చాయి. నీకు నిద్ర పడుతోందా అని అడగడానికి వచ్చినవారిని నేను ఎరుగను. ఆ రాత్రి చిన్నపిల్లలుగా ఉండి బ్రతికినవారు ఇప్పుడు పెద్దవారై మన ఓ.పి.కి వస్తున్నారు. గాలి గట్టిగా వీస్తే గుండె దడ అని ఇప్పటికీ చెబుతారు. వారి మాట వినడానికి అవనిగడ్డ యాస తెలిసిన మనిషి కావాలి.

అయితే తిరిగి రమ్మని పిల్లలకు చెప్పే ముందు మన వైపు చూసుకోవాలి. ఆ అమ్మాయి అంతా చదివి, రిజిస్ట్రేషన్ తెచ్చుకుని, ఉయ్యూరు బస్టాండులో దిగితే మనం ఏం చూపిస్తాం? మన ఆస్పత్రిలో సైకాలజిస్టు పోస్టు లేదు. మాట్లాడుకోవడానికి తలుపు వేసుకునే గది లేదు. నేను రోగులతో మాట్లాడేది ఫార్మసీ వరుస పక్కన బెంచీ మీద, అటూ ఇటూ నడిచేవారి మధ్య. ఎక్స్‌రే గది పక్కన పాత రిజిస్టర్లు, విరిగిన మంచాలు పడేసిన గది ఒకటుంది. కిటికీ ఉంది, ఫ్యాను ఉంది. వచ్చే నెల ఆస్పత్రి కమిటీ కూడుకున్నప్పుడు ఆ గది ఖాళీ చేయించమని, డిగ్రీ పూర్తి చేసి పి.జి. సైకాలజీకి వెళ్లే ఒక బిడ్డ ఫీజులో కొంత భాగం మన సంఘాలు కలిసి భరించమని, చదువయ్యాక కొన్నేళ్లు ఇక్కడ పని చేసేలా మాట తీసుకోమని నేను రాతపూర్వకంగా అడగబోతున్నాను. మీ సంఘ పెద్దలతో మీరు కూడా ఒక మాట చెప్పండి.

ఆ తండ్రి నిన్న ఫోన్ చేశారు. కోతలు అయ్యాక ఇద్దరూ విశాఖపట్నం వెళ్లి చూసి వస్తామన్నారు. అమ్మాయి ఇంకా ఒప్పుకోలేదట, కానీ మూడో సెమిస్టరు పరీక్ష ఫీజు మాత్రం కట్టిందట.